వేళ్లు ఒప్పుకున్న క్లారినెట్

రండి, కూర్చోండి. టీ మరిగేలోపు ఒక మాట అడుగుతాను. మీ చుట్టాల్లోనో మీ వీధిలోనో ఒకప్పుడు వీణో, వయొలినో, ఫ్లూటో చక్కగా వాయించి, వేళ్లకు నొప్పులొచ్చాక మానేసినవాళ్లు ఉన్నారా? ఉండే ఉంటారు. ఎందుకు మానేశారని అడిగితే, "ఇంకెక్కడి వాయింపు, వయసైపోయింది కదా" అంటారు. ఆ జవాబు నాకు మింగుడు పడదు. చూపు మందగిస్తే కళ్లద్దాలు పెట్టించుకుంటాం గానీ పేపరు చదవడం మానేస్తామా? వేళ్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ తెలివి మనకు తోచదు. వాద్యాన్ని బట్టలో చుట్టి అటక ఎక్కించేస్తాం. ఈ పూట కబుర్లన్నీ దాని గురించే. నొప్పి వేళ్లకు సరిపడే పాత క్లారినెట్ ఒకటి ఎలా వెతుక్కోవాలో చెబుతాను.

మా నేరేడ్‌మెట్‌లో క్లారినెట్ ఏమిటంటారా? మా చుట్టుపక్కల పేర్లు ఒకసారి చూడండి. సైనిక్‌పురి, డిఫెన్స్ కాలనీ, వాయుపురి. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరుమీద సికింద్రాబాద్ వెలిసిన నాటినుంచీ ఈ పక్క ఊళ్లన్నీ పటాలం నీడనే పెరిగాయి. పటాలం ఉన్నచోట బ్యాండు ఉంటుంది, బ్యాండు ఉన్నచోట క్లారినెట్ ఉంటుంది. సైన్యంలో బ్యాండు వాళ్లకు సంగీతం నేర్పడానికి మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో 1950 నుంచి ప్రత్యేకంగా ఒక విభాగమే ఉంది. దేశమంతా తిరిగి సర్వీసు ముగించుకున్నవాళ్లు చాలామంది ఇక్కడే ఇళ్లు కట్టుకుని స్థిరపడ్డారు. వాళ్లలో తుపాకీతో పాటు వాద్యమూ పట్టినవాళ్లు కొందరుంటారు.

మా వీధిలోనూ అలాంటి పెద్దాయన ఒకరున్నారు. రెజిమెంటు బ్యాండులో ఏళ్ల తరబడి క్లారినెట్ వాయించి హవల్దారుగా రిటైరయ్యారు. మేమంతా "మాస్టారూ" అంటాం. సాయంత్రం వాకింగ్ ముగించుకుని డాబా మీద కూర్చుని ఒక పాత సినిమా పాట, ఒక కీర్తన వాయించడం ఆయనకు అలవాటు. అవతలి వీధి పిల్లలు కూడా క్రికెట్ ఆపి వినేవాళ్లు. కొన్నేళ్ల కిందట ఆ వాయింపులో కీచుమనే అపస్వరాలు మొదలయ్యాయి. తర్వాత పాట సగంలో ఆగిపోవడం, ఆ తర్వాత డాబా మీదికి రావడమే మానేయడం. "ఏం మాస్టారూ?" అంటే ఎడమచెయ్యి ముందుకు చాపి చూపించారు. ఉంగరపు వేలు చివరి కణుపు దగ్గర గట్టిగా బుడిపె కట్టి, కొస పక్కకు ఒరిగిపోయింది. కుడి బొటనవేలు మొదట్లో నొక్కితే చాలు, ప్రాణం పోయినట్టుంటుందట.

ఈ బుడిపెలు మీ ఇంట్లో అమ్మమ్మల చేతుల మీదా చూసే ఉంటారు. వేళ్ల చివరి కణుపుల దగ్గర వచ్చేవాటిని డాక్టర్లు హెబర్డెన్ బుడిపెలంటారు. విలియం హెబర్డెన్ పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండు వైద్యుడు. కీళ్ల అరుగుదలలో ఎక్కువగా దెబ్బతినేవి వేళ్ల చివరి కణుపులు, మధ్య కణుపులు, బొటనవేలి మొదలు. ఆడవాళ్లలో ఇది మరీ ఎక్కువ. కీళ్లవాతం దారి వేరు. అది అరుగుదల కాదు, ఒంట్లోని రక్షణ వ్యవస్థే కీళ్ల మీద తిరగబడటం. సాధారణంగా రెండు చేతులకూ ఒకేలా వస్తుంది, పిడికిలి కణుపులు వాస్తాయి, పొద్దున లేచాక గంటకు పైగా వేళ్లు బిగుసుకునే ఉంటాయి. అరుగుదలలో ఆ బిగుతు సాధారణంగా అరగంటలోపే వదులుతుంది. రెండింటికీ వైద్యం వేరు. కీళ్లవాతానికి మందులు ఎంత తొందరగా మొదలుపెడితే కీళ్లు అంత దక్కుతాయి. కాబట్టి క్లారినెట్ కొనేముందు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఈ మాట నేను గట్టిగానే చెబుతాను.

సరే, మాస్టారిని డాక్టరు చూశారు. అరుగుదలేనన్నారు. వేడినీళ్లలో చేతులు పెట్టమన్నారు, వేళ్లకు వ్యాయామం చెప్పారు. "వాయించొచ్చా?" అని అడిగితే, "నొప్పి పెరగనంత వరకు నిక్షేపంగా వాయించండి" అన్నారు. ఇక మిగిలింది వాద్యం సంగతి.

అసలు క్లారినెట్ వేళ్లను ఎందుకంత కష్టపెడుతుందో మొదట చూద్దాం. ఇప్పుడు ఎక్కువగా కనబడే బోమ్ పద్ధతి క్లారినెట్‌కు 17 మీటలు, 6 రింగులు ఉంటాయి. ఇవికాక వేళ్లతోనే మూయాల్సిన బెజ్జాలు ఏడు. ముందువైపు ఆరు, వెనక ఎడమ బొటనవేలికి ఒకటి. వేలి మెత్త ఆ బెజ్జాన్ని గాలి చొరకుండా మూయాలి. వెంట్రుకవాసి సందున్నా స్వరం పలకదు, లేదా కీచుమంటుంది. మాస్టారి వాయింపులో ఆ కీచు శబ్దం ఉంగరపు వేలి దగ్గర్నుంచి వచ్చిందే. వేలి కొస పక్కకు ఒరిగింది, మెత్త బెజ్జం మీద సరిగ్గా కూర్చోవడం లేదు. ఆయన ఊపిరికి గానీ, విద్యకు గానీ ఏ లోటూ రాలేదు.

రెండోది బరువు. కొయ్య బి ఫ్లాట్ క్లారినెట్ ముప్పావు కిలో పైచిలుకు ఉంటుంది. ఆ బరువంతా దాదాపు కుడి బొటనవేలు ఒక్కటే మోస్తుంది. వెనక చిన్న కొక్కెంలాంటి ఆనిక ఉంటుంది, దాని కింద బొటనవేలు పెట్టి ఎత్తి పట్టుకోవాలి. అరుగుదల ఎక్కువగా పట్టుకునే చోట్లలో బొటనవేలి మొదలు ఒకటి కదా! పైగా రీడు గట్టిదైతే పెదవి బిగించాలి, పెదవి బిగిస్తే బొటనవేలు కూడా తెలియకుండానే పైకి నెడుతుంది. రెండు నొప్పులూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి.

మూడోది చిటికెన వేళ్ల పని. ఇది అర్థం కావాలంటే సన్నాయితో పోల్చి చూడాలి. సన్నాయి గొట్టం పైనుంచి కిందికి వెడల్పవుతూ పోతుంది. కింది స్థాయి షడ్జం వేళ్లు అలాగే ఉంచి గట్టిగా ఊదితే పై స్థాయి షడ్జం పలుకుతుంది. క్లారినెట్ గొట్టం చాలామేరకు ఒకే వెడల్పు. అందులో వెనక మీట నొక్కి అదే వేళ్లతో ఊదితే షడ్జం రాదు, పై స్థాయి పంచమం వస్తుంది. అంటే మధ్యలో బోలెడు స్వరాలకు వేళ్లు చాలవు. ఆ ఖాళీ పూడ్చడానికే ఇన్ని మీటలు. వాటిలో కింది స్వరాల మీటలన్నీ రెండు చిటికెన వేళ్ల మీదే పడతాయి. చేతిలో అన్నిటికన్నా బలహీనమైన వేలికి అన్నిటికన్నా దూరపు మీటలు అప్పజెప్పారన్నమాట.

ఈ మూడూ తెలిశాక వెతుకులాట తేలికైంది. మేము "మంచి క్లారినెట్ ఎక్కడ దొరుకుతుంది?" అని అడగడం మానేశాం. "ఈ ఉంగరపు వేలికి, ఈ బొటనవేలికి, ఈ చిటికెన వేలికి ఏది సరిపోతుంది?" అని అడగడం మొదలుపెట్టాం. మీరు వెతికినా అలాగే మొదలుపెట్టండి. ఒక కాగితం మీద రెండు చేతులూ పెట్టి గీత గీసుకోండి. ఏ కణుపు నొప్పి, ఏ వేలు ఎంతవరకు వంగుతుంది, ఏ వేలు ఎంత సాగుతుంది, రాసుకోండి. దుకాణానికి ఆ కాగితం పట్టుకెళ్లండి. అమ్మేవాడికీ మీకూ అదే దారి చూపిస్తుంది.

కొత్తది ఎందుకు కొనకూడదు, పాతదే ఎందుకంటారా? ధర తక్కువన్నది ఒక కారణం మాత్రమే. అంతకన్నా పెద్ద కారణం వేరే ఉంది. నొప్పి వేళ్లకు సరిపోయే వాద్యాన్ని ఎక్కడో ఒకచోట కోయాలి, అతకాలి, వంచాలి, బెజ్జం వెయ్యాలి. కొత్తదాని మీద ఆ పని చెయ్యడానికి రిపేరు మనిషికీ చెయ్యాడదు, మనకూ మనసొప్పదు. ఇంకో సంగతేమిటంటే, వేళ్లకు అనువైన కొన్ని రకాలు ఇప్పుడు కొత్తగా తయారుకావడం అరుదు. దొరికితే పాతవాటిలోనే దొరకాలి.

అలాంటివాటిలో మొదట చెప్పాల్సింది మూతల క్లారినెట్. సాక్సోఫోన్ చూశారు కదా, దాని బెజ్జాలను వేళ్లు తాకవు. వేలు మూత మీద పడితే, మూత కిందున్న ప్యాడు బెజ్జాన్ని మూస్తుంది. ఫ్రాన్సుకు చెందిన లెబ్లాంక్ సంస్థ తన నోబ్లే, వీటో పేర్లతో ఇదే పద్ధతిలో క్లారినెట్‌లు కూడా చేసింది. వేలి కొస ఎలా ఒరిగినా ఫర్వాలేదు, మూత మీద ఎక్కడో ఒకచోట పడితే చాలు. కీళ్లనొప్పుల వాళ్లకు ఇంతకన్నా హాయి ఏముంటుంది?

మాస్టారికి ఈ సంగతి చెప్పగానే మొహం వెలిగింది. మరుక్షణమే ఆరిపోయింది. "మరి గమకమో?" అన్నారు. అదీ అసలు చిక్కు. కర్ణాటక సంగీతంలో స్వరం నుంచి స్వరానికి జారాలి. బెజ్జం మీదినుంచి వేలిని కొద్దికొద్దిగా పక్కకు జరిపితేనే ఆ జారు వస్తుంది. మూత పడితే బెజ్జం మూసి ఉంటుంది, లేదా తెరిచి ఉంటుంది. మధ్యలో ఏమీ ఉండదు. కవాతు పాటలకు, పాశ్చాత్య సంగీతానికి అడ్డు లేదు. తోడి రాగం వాయించాలంటే మాత్రం చేతులు కట్టేసినట్టే. కాబట్టి వేళ్ల సంగతి ఎంత ముఖ్యమో, మీరు వాయించే సంగీతం సంగతీ అంతే ముఖ్యం. దుకాణానికి పట్టుకెళ్లే కాగితం మీద అది కూడా రాసుకోండి.

క్లారినెట్ మీద గమకమేమిటని ఆశ్చర్యపోకండి. పందొమ్మిదో శతాబ్దంలోనే తంజావూరు ఆస్థానంలోని మహదేవ నట్టువనార్ దాన్ని నాట్య కచేరీ మేళంలోకి తెచ్చారు. తర్వాతి కాలంలో దాన్ని కచేరీ వేదిక మీద పెద్దపీట వేసి కూర్చోబెట్టినవారు తిరుచ్చి ఏ.కె.సి. నటరాజన్. 1931లో పుట్టారు. "క్లారినెట్ ఎవరెస్ట్" అన్న పేరు ఆయనదే. 2008లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది, 2022లో తొంభై ఏళ్ల వయసులో పద్మశ్రీ వచ్చింది. ఆయన క్లారినెట్ విన్నవాళ్లకు అది పరదేశపు వాద్యమని తోచదు. మన ఊళ్లలో సన్నాయి పట్టిన నాయీబ్రాహ్మణ వాద్యకారుల్లోనూ ఎందరో దీన్ని చేపట్టి పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో వినిపించారు.

మూతల క్లారినెట్ సరిపడదని తేలాక మిగతావి ఒక్కొక్కటే చూశాం. ఇ ఫ్లాట్ క్లారినెట్ చిన్నది. పొడవు అర మీటరుకు కాస్త తక్కువ. బరువు కూడా తక్కువే. బొటనవేలికి బాగానే ఉంటుంది. కానీ బెజ్జాలు, మీటలు ఒకదాని పక్కన ఒకటి ఇరుక్కుని ఉంటాయి. వాచిన కణుపులున్న వేళ్లు ఒకదానితో ఒకటి రాసుకుంటాయి. సన్నటి వేళ్లున్నవాళ్లకు, బరువొక్కటే ఇబ్బందైనవాళ్లకు అది పనికొస్తుంది. ఎ క్లారినెట్ బి ఫ్లాట్ కన్నా పొడుగు, వేళ్లు ఇంకా చాపాలి, అది వద్దు. బేస్ క్లారినెట్‌కు అన్నీ మూతలే, కింద నేలకు ఆనించే కడ్డీ కూడా ఉంటుంది, బొటనవేలికి బరువే ఉండదు. కానీ ఒళ్లో అంత పెద్ద వాద్యం పెట్టుకోవాలి, మీటల స్ప్రింగులు బలంగా ఉంటాయి, గమకం చిక్కు అక్కడా ఉంది.

పాత సామాన్ల బజార్లలో ఎక్కువగా కనబడేవి ఆల్బర్ట్ పద్ధతి క్లారినెట్‌లు. బోమ్ పద్ధతిని పారిస్‌లో క్లోజే, బుఫే కలిసి తయారుచేసి 1839లో చూపించారు. ఆల్బర్ట్ పద్ధతి అంతకుముందునుంచీ ఉన్న సాదా పద్ధతికి బ్రస్సెల్స్‌లో యూజీన్ ఆల్బర్ట్ దిద్దిన రూపం. మన పెళ్లి బ్యాండుల్లో ఎక్కువగా ఇదే. మీరట్‌లోని జలీ కోఠీ వీధి బ్యాండు వాద్యాలకు పుట్టినిల్లు. అక్కడి నాదిర్ అలీ అండ్ కో 1885 నుంచి ఉన్న పేరు. ఆల్బర్ట్ పద్ధతిలో బెజ్జాలు పెద్దవి, మీటలు తక్కువ, జారుడుకు మహా సుఖం. మాస్టారి దగ్గరున్నదీ అదే, రిటైరయ్యాక ఒక పెళ్లి బ్యాండు స్నేహితుడి దగ్గర కొన్నది. కానీ పెద్ద బెజ్జాన్ని మూయాలంటే వేలి మెత్త అంతా సరిగ్గా పరచుకోవాలి. వంగిన వేలికి అది పెద్ద శిక్ష. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఆయనకు సుఖమిచ్చినదే ఇప్పుడు కష్టం తెచ్చింది.

చివరికి దారి చూపించింది పాతబస్తీ పక్క ఒక చిన్న గదిలో కూర్చుని వాద్యాలు బాగుచేసే పెద్దమనిషి. గోడ నిండా వేలాడే ట్రంపెట్లు, బల్ల మీద ఇత్తడి రజను, పక్కన లక్క కరిగించే దీపం. మాస్టారు సలాం చెప్పి చెయ్యి చాపారు. ఆయన వాద్యం అడగలేదు. ముందు మాస్టారి చెయ్యి తన చేతిలోకి తీసుకుని ఒక్కొక్క వేలూ మెల్లగా వంచి చూశారు. "మియా, ఈ ఒక్క వేలే కదా మొండికేస్తోంది. మిగతావి ఇంకా మాట వింటున్నాయి. ఒక్క వేలి కోసం అన్నిటికీ మూతలెందుకు?" అన్నారు.

ఆ ఒక్క మాటతో ముడి విడిపోయింది. మామూలు బోమ్ క్లారినెట్ మీద ఎడమ ఉంగరపు వేలి బెజ్జానికి రింగు ఉండదు, అది ఒట్టి బెజ్జం. రింగు ఉంటే దానికి వేరే మీటలతో లంకె ఉంటుంది, దాన్ని కదిలిస్తే ఇంకేదో చెడుతుంది. ఇక్కడ ఆ లంకె లేదు. కాబట్టి ఆ ఒక్క బెజ్జానికి చిన్న ఇత్తడి మూత అమర్చడం సులువు. మిగతా వేళ్లు జారుడు పని చూసుకుంటాయి. సైన్యంలో మాస్టారు వాయించింది బోమ్ పద్ధతే గనుక ఆ వేళ్ల పొందిక ఆయనకు కొత్త కాదు. కొయ్యది కాకుండా ప్లాస్టిక్‌ది తీసుకుంటే బరువూ కొంత తగ్గుతుంది. ఎండాకాలం పగుళ్ల భయమూ ఉండదు. యమహా 250, బుఫే బి12 లాంటివి పిల్లలు నేర్చుకోవడానికి చేసిన ప్లాస్టిక్ క్లారినెట్‌లు. పిల్లలు చదువుల్లో పడి వదిలేస్తే అవి బజారుకు వస్తాయి.

అలాంటి ఒక దాన్ని ఆయనే చూపించారు. పరీక్ష చేసే పద్ధతి చూస్తే మీకూ ఉపయోగపడుతుంది, కాస్త దగ్గరగా రండి. మొదట పైముక్క విడదీసి, కింది చివర అరచేత్తో మూసి, బెజ్జాలన్నీ వేళ్లతో మూసి, పైనుంచి గాలి పీల్చారు. నోటి దగ్గర్నుంచి తీయగానే టప్‌మని చప్పుడొచ్చింది. అంటే లోపల గాలి నిలిచింది. కింది ముక్కకు ఆ చప్పుడు రాలేదు. వెంటనే సిగరెట్ కాగితం సన్నగా చింపి ఒక్కొక్క ప్యాడు కింద పెట్టి, మీట మూసి, కాగితం లాగారు. పట్టి ఉన్నచోట ప్యాడు బాగున్నట్టు, జారి వచ్చినచోట పోయినట్టు. ఒక ప్యాడు పోయింది, అంతే. రెండు ముక్కలు కలిపేచోట ఉండే వంతెన మీట వంగిందేమో చూశారు. ముక్కల చివరల కార్కు పొడిబారిందేమో చూశారు. కొయ్యదైతే పైముక్క మీద, పక్క మీటల బెజ్జాల దగ్గర సన్నని పగుళ్ల కోసం వెలుతురులో పెట్టి చూడాలని చెప్పారు.

ఆ తర్వాతే వేళ్ల పరీక్ష. మాస్టారు అక్కడే రెండు పాటలు వాయించారు, బాగానే వచ్చాయి. నేను అడిగాను: "భాయ్‌సాబ్, ఒక రాత్రికి ఇంటికి తీసుకెళ్లనిస్తారా?" ఎందుకంటే దుకాణం తెరిచేవేళకు వేళ్లు సాగి ఉంటాయి. నిజం తెలిసేది పొద్దున లేచిన తర్వాతే. ఆయన మారుమాటాడకుండా పెట్టెలో పెట్టి ఇచ్చారు. మీరు కొనేటప్పుడూ ఈ మాట అడగండి, అడ్వాన్సు ఇచ్చయినా సరే ఇంటికి తీసుకెళ్లండి. పొద్దున ఒకసారి, రాత్రి పడుకునేముందు ఒకసారి వాయించి చూడండి. రెండుసార్లూ ఎక్కడ నొప్పి పుట్టిందో ఆ కాగితం మీదే రాసుకోండి. ఆ రాతే అసలు మరమ్మతుకు పట్టిక.

మాస్టారి పట్టిక ఇలా తేలింది. ఎడమ ఉంగరపు వేలికి మూత. కుడి బొటనవేలి ఆనిక కాస్త పైకి జరపాలి, దానికి ఒక వలయం అతికించాలి. ఆ వలయానికి సాక్సోఫోన్ వాళ్లు వేసుకునేలాంటి మెడపట్టీ తగిలిస్తే బరువు బొటనవేలి మీదినుంచి మెడకు వెళ్లిపోతుంది. కూర్చుని వాయించినప్పుడు వాద్యం కింది గంటలాంటి చివరను మోకాళ్ల మధ్య ఆనించుకోవచ్చు. చిటికెన వేళ్ల సంగతి బోమ్ పద్ధతే చాలావరకు చూసుకుంది. అందులో కింది మీటల్లో మూడు స్వరాలకు కుడిపక్కా ఎడమపక్కా రెండుచోట్లా మీటలుంటాయి. ఒక చిటికెన వేలు మొరాయిస్తే రెండోది ఆ పని చేస్తుంది. కుడిపక్కన అందని ఒక మీటకు పైన కార్కు ముక్క అతికించి ఎత్తు పెంచారు. స్ప్రింగులను కొంచెం మెత్తబరిచారు. మరీ మెత్తబరిస్తే మీట తిరిగి లేవడంలో ఆలస్యమవుతుంది, గాలి కారుతుంది, అందుకని వాయిస్తూ వాయిస్తూ ఒక్కొక్కటే సరిచేశారు. చివరగా రీడు. మాస్టారు జీవితమంతా గట్టిదైన మూడున్నర నంబరు వాడారు. ఇప్పుడు మెత్తటి రెండో నంబరుకు దిగారు. పెదవి బిగువు తగ్గింది, దాంతో బొటనవేలి నెట్టుడూ తగ్గింది.

మూత అమర్చడం కళ్లారా చూశాను. ఇత్తడి రేకును నాణెమంత గుండ్రంగా కోసి, అంచులు ఆకురాయితో రుద్ది, దానికి సన్నని కడ్డీ వెండితో అతికారు. ప్లాస్టిక్ గొట్టంలో రెండు చిన్న స్తంభాలకు మర కోశారు. కడ్డీ ఆ రెండింటి మధ్య తిరుగుతుంది. సూదిలాంటి స్ప్రింగు ఒకటి దాన్ని పైకి లేపి ఉంచుతుంది. మూత కింద లక్కతో ప్యాడు అతికించి, దీపం సెగ చూపించి, బెజ్జం మీద నొక్కి పట్టుకున్నారు. ప్యాడు మీద గుండ్రంగా బెజ్జం అచ్చు పడింది. అది సరిగ్గా పడిందంటే గాలి కారదని అర్థం. మాస్టారు వేలి పక్కభాగంతో మూతను తట్టారు. అది మూసుకుంది. మళ్లీ తట్టారు. తర్వాత ఊదారు. కీచు లేదు. నేనున్నానంటూ స్వరం నిండుగా పలికింది. రిపేరు పెద్దమనిషి "షాబాష్ హవల్దార్ సాబ్" అన్నారు.

మరి పోయినవన్నీ తిరిగొచ్చాయా? రాలేదు. ఆ మూత పడిన స్వరం దగ్గర జారుడు రాదు, అక్కడ మాస్టారు ఊపిరితోనూ పెదవితోనూ కొంత వంపు తెస్తారు. వేగంగా సాగే స్వరకల్పన తగ్గించుకున్నారు. ఇరవై నిమిషాలు వాయించి చేతులకు విశ్రాంతి ఇస్తారు. చలికాలంలో గోరువెచ్చని నీళ్లలో చేతులు ముంచాకే పెట్టె తెరుస్తారు. విలంబంలో రాగం ఆలాపించడం ఇదివరకటికన్నా లోతుగా సాగుతోందని నా చెవి చెబుతోంది. ఎక్కువ స్వరాలు వాయించలేనప్పుడు ఉన్న స్వరం మీద మనసు నిలుస్తుంది కాబోలు.

ఇదంతా చెప్పింది మాస్టారి ఒక్కరి కోసం కాదు. పెళ్లిళ్ల సీజన్‌లో మన వీధుల్లో బారాత్ వెళుతుంటే బ్యాండువాళ్ల వేళ్లు ఎప్పుడైనా గమనించారా? మాఘమాసపు చలిలో అర్ధరాత్రి దాకా చల్లటి మీటల మీద, బరువంతా ఒక్క బొటనవేలి మీద. వాళ్లలో చాలామందికి పింఛను లేదు, వైద్య బీమా లేదు. మిషను మీద పనిచేసేవాళ్ల చేతుల గురించి చట్టాలున్నాయి, వాద్యం మీద పనిచేసేవాళ్ల చేతుల గురించి మనం మాట్లాడుకోవడమే లేదు. ఒక మెడపట్టీ, సరైన చోట బొటనవేలి ఆనిక, మెత్తటి రీడు. ఇవి పెద్ద ఖర్చులు కావు. ముందే పెట్టుకుంటే ఎన్నో చేతులు ఇంకో పదేళ్లు హాయిగా వాయిస్తాయి. ఈ మాట బ్యాండు నడిపే మేస్త్రీలకు చేరాలని నా కోరిక.

మీ ఇంట్లో ఎవరైనా వేళ్ల నొప్పితో వాద్యం పక్కన పెట్టేసి ఉంటే, ఈ ఆదివారం వాళ్ల పక్కన కూర్చుని ఏ వేలు ఏ పని చేయలేకపోతోందో అడిగి రాసుకోండి. క్లారినెటే కానక్కర్లేదు, వీణైనా, వయొలినైనా, మృదంగమైనా మొదటి అడుగు ఇదే. చాలాసార్లు పది వేళ్లూ మొరాయించవు, ఒకటో రెండో మొరాయిస్తాయి. ఆ ఒకటి రెండింటికి ఉపాయం చెప్పగల చేతులు మన ఊళ్లో ఇంకా ఉన్నాయి. జుమ్మెరాత్ బజార్‌లో పాత వాద్యం కనబడితే బేరమాడండి, సిగరెట్ కాగితంతో పరీక్షించండి, తిన్నగా రిపేరు మనిషి దగ్గరికి తీసుకెళ్లండి. వాద్యాన్ని వేళ్లకు తగ్గట్టు మార్చుకోవచ్చు. నొప్పి వేళ్లను వాద్యానికి తగ్గట్టు వంచమని మాత్రం ఎవరినీ అడగొద్దు. టీ చల్లారిపోతోంది, తాగండి. తాగాక మాస్టారింటికి వెళదాం, మీ పెద్దవాళ్ల చేతి గీత గీసిన కాగితం తెచ్చుకుంటే ఆయన దగ్గరుండి ఆ రిపేరు పెద్దమనిషికి చూపిస్తానన్నారు.